చెరువు నీటి పచ్చదనం: జానకు తగ్గరాదు, మూరకు మించరాదు



ఈవేళ చెరువు నీటి పచ్చదనాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులున్న వాళ్ళకు నేను మొదట చెప్పబోయే సంగతి కొత్త కాదు. ఎండలు ముదిరాయి. నాలుగు రోజులుగా ఆకు కదలడం లేదు. ఆ రోజు పగలంతా మబ్బు, ఉక్క. సాయంత్రం గట్టు మీద నిలబడి చూస్తే నీరు పసరు పిండినట్టు చిక్కగా, పచ్చగా ఉంది. పచ్చటి నీరు చేపకు బలం గదా అనుకుని రైతు తృప్తిగా ఇంటికి వెళ్ళాడు. తెల్లవారుజామున కావలివాడు పరుగెత్తుకుంటూ వచ్చి తలుపు తట్టాడు. "బాబుగారూ, చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి" అన్నాడు. గట్టు చేరేసరికి పెద్ద పెద్ద బొచ్చె చేపలు వెల్లకిలా తేలుతున్నాయి. ఏడాది పెట్టుబడి, చేసిన అప్పు, పిల్ల పెళ్ళికి అనుకున్న సొమ్ము, అన్నీ ఆ నీటి మీదే తేలుతున్నాయి.

అప్పుడు రైతు నోట వచ్చే మొదటి మాట ఏమిటి? "ఎవరో గిట్టనివాళ్ళు రాత్రికి రాత్రి మందు కలిపారు." అనుమానం పొరుగు గట్టు మీదికి పోతుంది. మాటలు పెరుగుతాయి. పెద్దమనుషులు కూర్చుంటారు. ఆ పైన పోలీసు స్టేషను.

మందు కలిపే దుర్మార్గులు లోకంలో లేరని నేను అనను. కాని ఇటువంటి చావుల్లో చాలా వాటికి కారణం ముందు రోజు సాయంత్రం మనం చూసి మురిసిన ఆ పచ్చదనమే. పగలు చేపకు ఊపిరి పోసింది అదే, రాత్రి ఊపిరి తీసిందీ అదే. ఇది ఎట్లా జరుగుతుందో తెలిస్తే కొన్ని చెరువులు దక్కుతాయి. కొన్ని తగాదాలూ తప్పుతాయి.

ముందు ఆ పచ్చదనం ఏమిటో చూద్దాం. గాజు గ్లాసుతో చెరువు నీళ్ళు ముంచి వెలుతురుకు ఎత్తి పట్టండి. నీళ్ళలో లేత ఆకుపచ్చ జీర కనబడుతుంది. అదే నీటి బొట్టును సూక్ష్మదర్శిని కింద పెడితే, కంటికి ఆనని వేలకొద్దీ మొక్కలు కనబడతాయి. వీటికి వేరు లేదు, కాండం లేదు, పువ్వు లేదు. ఒక్కొక్క మొక్క ఒకే కణం, లేదా కొన్ని కణాల గుంపు. మనం గట్టు వెంబడి పీచుపీచుగా పెరిగే దాన్ని నాచు అంటాం. రేవు రాళ్ళ మీద జారుడుగా పట్టేదాన్ని పాకుడు అంటాం. ఇవీ ఆ జాతివే, కాని నీటిలో కలిసి తేలేవి వేరు. వాటిని శాస్త్రజ్ఞులు వృక్షప్లవకాలు అంటారు. చేపల రైతులు ప్లాంక్టాన్ అంటారు. పేరు ఏదైనా, ఇవి మొక్కలు. వరి పైరులో ఉన్న పత్రహరితమే వీటిలోనూ ఉంది. సూర్యుడి వెలుతురులో బొగ్గుపులుసు గాలిని, నీటిని కలిపి ఇవి ఆహారం తయారు చేసుకుంటాయి. ఆ పనిలో ప్రాణవాయువును బయటికి వదులుతాయి. వరికి కావలసిన నత్రజని, భాస్వరమే వీటికీ కావాలి.

అంటే చెరువు కూడా ఒక పొలమే అన్నమాట. వరి పొలంలో పంట నేల మీద నిలబడుతుంది, చెరువులో పంట నీటిలో తేలుతుంది. ఈ తొలి పంట ఒక రోజులో ఎంత పండుతుందో, ఆ లెక్కను శాస్త్రంలో ప్రాథమిక ఉత్పాదకత అంటారు. తక్కిన ప్రాణులన్నీ దీని మీద బతకవలసిందే. ఈ మొక్కలను నీటిలోని సూక్ష్మ జంతువులు తింటాయి. వాటిని పైపొరలో తిరిగే బొచ్చె తింటుంది. మధ్యపొరలో శీలావతి, అడుగున ఎర్రమోసు మేస్తాయి. నాచు కుళ్ళి అడుగుకు చేరినది ఎర్రమోసుకు మేత. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్ళేటప్పుడు సుమారుగా పదో వంతు మాత్రమే ఒంటబడుతుంది, మిగతాది బతకడానికే ఖర్చయిపోతుంది. కాబట్టి తొలి పంట సన్నగిల్లితే చేప దిగుబడి సన్నగిల్లుతుంది. నీరు అద్దంలా తేటగా ఉన్న చెరువు తాగడానికి మంచిదేమో గాని, చేపకు అది బీడు.

ఇదే లెక్క కొల్లేటికీ వర్తిస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న లోతు తక్కువ మంచినీటి సరస్సు మన కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లూ, పొలాల మురుగు కాలువలూ వచ్చి ఇందులో పడతాయి. మిగులు నీరు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలో కలుస్తుంది. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సార్ ఒడంబడిక కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తించారు. ఆటపాక దగ్గర గూళ్ళు కట్టే గూడబాతులు చేపలను తిని పిల్లలను సాకుతాయి. ఆ చేపల వెనుక సూక్ష్మ జంతువులు, వాటి వెనుక కంటికి కనబడని ఆ మొక్కలు. లంక గ్రామాల బెస్తవారి వలలో పడేది కూడా ఆ తొలి పంటే, రూపం మార్చుకుని వచ్చిందంతే.

ఇక ఈ పంటను కొలవడం ఎట్లా? కోతకు వచ్చే పైరు కాదు గదా. దీనికి తేలికైన ఉపాయం ఒకటి ఉంది. 1927లో గార్డర్, గ్రాన్ అనే నార్వే శాస్త్రజ్ఞులు దీన్ని వివరించారు. ఒకే చోట ముంచిన నీటిని రెండు సీసాల్లో నింపి బిరడా బిగిస్తారు. ఒకటి తెల్ల సీసా, రెండోది వెలుతురు దూరకుండా నల్లగా కప్పిన సీసా. రెంటినీ చెరువులో అదే లోతుకు కొన్ని గంటలు వేలాడదీస్తారు. తెల్ల సీసాలో మొక్కలు ప్రాణవాయువును తయారు చేస్తాయి, కొంత వాడుకుంటాయి కూడా. నల్ల సీసాలో తయారీ లేదు, వాడకం ఒక్కటే. లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ చెబుతాను. మొదట లీటరు నీటిలో 6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉందనుకోండి. కొన్ని గంటల తరువాత తెల్ల సీసాలో 9, నల్ల సీసాలో 4 ఉన్నాయి. అంటే మిగులు 3, ఖర్చు 2, మొత్తం తయారైనది 5. ఇంటి ఆదాయ వ్యయాల పద్దు ఎట్లా రాస్తామో, నీటి పద్దు కూడా అట్లాగే.

ఆ నల్ల సీసాను బాగా గుర్తుంచుకోండి. రాత్రిపూట చెరువంతా నల్ల సీసాయే.

పొద్దు గుంకగానే ప్రాణవాయువు తయారీ ఆగిపోతుంది. ఖర్చు మాత్రం ఆగదు. చేపలు పీల్చుకుంటాయి, సూక్ష్మ జంతువులు పీల్చుకుంటాయి. అడుగున తినకుండా మిగిలిన తవుడు, చెక్క, పెంట కుళ్ళబెట్టే క్రిములు పీల్చుకుంటాయి. అన్నిటినీ మించి, పగలు తయారు చేసిన నాచే రాత్రి పీల్చుకుంటుంది. నాచు ఎంత చిక్కగా ఉంటే రాత్రి ఖర్చు అంత ఎక్కువ. ఇక నీటిలో నిల్వ ఎంత ఉంటుందో చూడండి. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. మన ఎండాకాలపు నీరు, అంటే 30 డిగ్రీల సెంటిగ్రేడు నీరు, మామూలుగా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే పట్టి ఉంచగలదు. మనం నెలకు సరిపడా బియ్యం ఇంట్లో పోసుకుని బతుకుతుంటే, చేప ఏ పూటకు ఆ పూట తెచ్చుకుని బతుకుతున్నదన్నమాట. నీరు వేడెక్కిన కొద్దీ ఆ నిల్వ ఇంకా తగ్గుతుంది, చేప అవసరం మాత్రం పెరుగుతుంది.

నాచు పొంగిన చెరువులో మిట్టమధ్యాహ్నం పైనీటిలో ప్రాణవాయువు 15 మిల్లీగ్రాములు దాటవచ్చు. అదే చెరువులో తెల్లవారుజామున అది ఒకటికి దిగిపోవచ్చు. మన పెంపుడు చేపలకు 5 ఉంటే సుఖం. 3 కంటే తగ్గితే మేత మానేస్తాయి, 1 దగ్గరకు వస్తే ప్రాణాపాయం. పగలంతా మబ్బు పడితే ఆ రోజు ఆదాయం తగ్గింది, రాత్రి ఖర్చు మాత్రం తగ్గలేదు. గాలి ఆడకపోతే పైనుంచి కలిసే ప్రాణవాయువు కూడా తక్కువ. మన కథలోని రైతు చెరువులో జరిగింది ఇదే.

మరి మందు కలిపారో, ఊపిరి ఆడలేదో తేల్చుకోవడం ఎట్లా? కొన్ని గుర్తులున్నాయి. ప్రాణవాయువు తక్కువై చచ్చే చేపలు తెల్లవారుజామున, చాలాసేపు పైకి వచ్చి నోళ్ళు తెరిచిన తరువాత చస్తాయి. సాధారణంగా పెద్ద చేపలు ముందు పోతాయి, చిన్నవి తట్టుకుంటాయి. పైకి వచ్చి గాలి మింగగల కొర్రమీను, మార్పు బతికే ఉంటాయి. పొద్దెక్కిన కొద్దీ మిగిలిన చేపలు తేరుకుంటాయి. విషమైతే దానికి వేళ అంటూ లేదు. చిన్నా పెద్దా, కొర్రమీనూ బొచ్చే అన్న తేడా అంతగా ఉండదు. కప్పలూ పురుగులూ కూడా చస్తాయి. ఈ గుర్తులు చూసి, నీటిని పరీక్షకు పంపి, ఆ తరువాతనే ఎవరినైనా ఒక మాట అనండి.

నాచు పొంగితే మరి రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, నాచు పగలు బొగ్గుపులుసు గాలిని లాగేసుకుంటుంది గనుక నీటిలో పులుపు తగ్గి, క్షారగుణం పెరుగుతుంది. ఉదజని సూచిక తొమ్మిది దాటుతుంది. అప్పుడు నీటిలో ఉన్న అమ్మోనియా చేపకు విషమైన రూపంలోకి మారుతుంది. చెరువుకు ఏ జబ్బు వచ్చినా సున్నం చల్లడం మనవాళ్ళలో చాలామందికి అలవాటు. నీరు చిక్కటి పచ్చగా ఉన్నప్పుడు మధ్యాహ్నం సున్నం చల్లితే క్షారం ఇంకా పెరిగి, ఉన్న కష్టానికి మరో కష్టం తోడవుతుంది. రెండవది, పొంగిన నాచు ఒక్కసారిగా చచ్చిపోవచ్చు. పచ్చటి నీరు ఒకటి రెండు రోజుల్లో గోధుమరంగుకో బూడిదరంగుకో తిరిగి కంపు కొడుతుంది. అప్పుడు పగలు కూడా ప్రాణవాయువు పుట్టదు, కుళ్ళు మాత్రం ఉన్నదంతా తినేస్తుంది.

నాచులన్నీ ఒకటి కావని కూడా చెప్పాలి. లేత ఆకుపచ్చ నాచులు, గోధుమరంగు డయాటములు మంచి మేత. వేసవిలో, కదలని వేడి నీటిలో పెచ్చుమీరేవి నీలాకుపచ్చ నాచులు. నిజానికి ఇవి బాక్టీరియా కుటుంబానివి. వీటిలో మైక్రోసిస్టిస్ అనేది మన చెరువుల్లో తరచుగా కనబడుతుంది. దీని కణాల్లో గాలి నిండిన సన్నని గదులుంటాయి. అందువల్ల ఇది నీటి పైకి తేలి, గాలి వాలున ఒక గట్టుకు చేరి, పచ్చరంగు డబ్బా ఒలకబోసినట్టు తెట్టె కడుతుంది. కింది నాచులకు ఎండ తగలనివ్వదు. సూక్ష్మ జంతువులకు ఇది రుచించదు. కాబట్టి పంట పండినట్టే కనబడుతుంది గాని చేపకు చేరేది తక్కువ. పొలంలో తుంగ ఏపుగా పెరిగితే గింజ రాలదు గదా, ఇదీ అంతే.

పైగా ఈ జాతుల్లో కొన్ని విషాన్ని తయారు చేస్తాయి. మైక్రోసిస్టిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1878లోనే జార్జి ఫ్రాన్సిస్ అనే ఆయన ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు తెట్టె నీరు తాగి గొర్రెలు, గుర్రాలు, పశువులు చనిపోయిన సంగతి రాసి ప్రకటించాడు. ఇది జరగడానికి పశువు చెరువంతా తాగనక్కరలేదు, తెట్టె చేరిన మూల తాగితే చాలు. మనుషుల సంగతి చూద్దాం. అమెరికాలో టొలీడో నగరం ఈరీ సరస్సు నీటి మీద ఆధారపడి ఉంది. 2014 ఆగస్టులో ఈ విషం కుళాయి నీటిలో కనబడగా, ఆ నగర ప్రజలను రెండు రోజులకు పైగా ఆ నీరు తాగవద్దన్నారు, కాచి కూడా తాగవద్దన్నారు. కాచితే క్రిములు చస్తాయి గాని ఈ విషం పోదు. ఈ మాట ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పండి. పచ్చ తెట్టె కట్టిన చెరువు నీటిని కాచి తాగవచ్చునన్న ధీమా పనికిరాదు.

ఇంతకూ నాచు ఎందుకు పొంగుతుంది? ఎండా, వేడీ మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నది ఎరువు. ఏ ఎరువు అన్న ప్రశ్నకు కెనడాలో ఒక సరస్సు చక్కగా జవాబు చెప్పింది. ఒంటారియో రాష్ట్రంలో పరిశోధనల కోసమే కేటాయించిన కొన్ని చిన్న సరస్సులున్నాయి. వాటిలో 226వ నెంబరు సరస్సు నడుమ సన్నగా ఉంటుంది. 1973లో డేవిడ్ షిండ్లర్, ఆయన సహచరులు ఆ సన్నని చోట తెర దింపి సరస్సును రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో కర్బనం, నత్రజని కలిపారు. రెండో భాగంలో ఆ రెంటితో పాటు భాస్వరం కూడా కలిపారు. కొద్ది వారాల్లో భాస్వరం పడిన భాగం పచ్చగా పొంగింది, రెండో భాగం మామూలుగానే ఉండిపోయింది. విమానం నుంచి తీసిన ఆ ఫోటోను చూసినవాళ్ళకు వేరే వివరణ అక్కరలేకపోయింది.

దీనికి కారణం వరి రైతులకు పరిచితమైనదే. నీలాకుపచ్చ నాచుల్లో కొన్ని గాలిలోని నత్రజనిని పట్టి తెచ్చుకోగలవు. వరి మళ్ళలో ఈ నాచుల వల్లనే నత్రజని చేరుతుందని 1939లో పి.కె. డే చూపించారు. అందుకే మడిలో ఆ నాచును జీవన ఎరువుగా చల్లుకుంటున్నాం. మడిలో మిత్రుడైనవాడు చెరువులో మితిమీరితే శత్రువు. గాలిలో నత్రజని ఉంది, బొగ్గుపులుసు గాలి ఉంది. భాస్వరం మాత్రం గాలిలో దొరకదు. అది నేల మీద నుంచే రావాలి. అయితే నత్రజనిని లెక్కచేయనక్కరలేదని అనుకోకండి. మైక్రోసిస్టిస్ గాలి నత్రజనిని పట్టుకోలేదు. పొలం నుంచి వచ్చే యూరియా నీరు దానికి బలం. కాబట్టి రెంటినీ అదుపులో ఉంచాలి.

ఒక చిన్న లెక్క వేద్దాం. 50 కిలోల డి.ఎ.పి. బస్తాలో ఎరువుల లెక్క ప్రకారం 23 కిలోల భాస్వరామ్లం ఉంటుంది. అందులో అసలు భాస్వరం 10 కిలోలు. నాచు ఎండు బరువులో భాస్వరం సుమారుగా నూటికి ఒక పాలు ఉంటుంది. అంటే ఆ ఒక్క బస్తాలోని భాస్వరం మొత్తం నీటిలో చేరి, మొత్తం నాచుకు అందితే, ఒక టన్ను ఎండు నాచు పండగలదు. పచ్చి బరువు దానికి ఎన్నో రెట్లు. అంతా అట్లా చేరదనుకోండి. కాని ఎన్ని వేల ఎకరాల బస్తాల్లోంచి ఎంతెంత జారి కొల్లేటి మురుగు కాలువల్లో పడుతున్నదో ఊహించండి. దానికి పట్టణాల మురుగు, బట్టల సబ్బు నీరు, చేపల చెరువుల నుంచి తోడిపోసే అడుగు నీరు తోడు.

వచ్చిన భాస్వరం సముద్రానికి పోతుందిలే అనుకోవడానికి కూడా వీలులేదు. అది మట్టి రేణువులను అంటుకుని సరస్సు అడుగున ఒండ్రులో దిగుతుంది. అడుగున ప్రాణవాయువు ఉన్నంతకాలం ఇనుము దాన్ని పట్టి ఉంచుతుంది. ప్రాణవాయువు అయిపోగానే ఇనుము పట్టు సడలి, భాస్వరం మళ్ళీ నీటిలోకి లేస్తుంది. నాచు పొంగి కుళ్ళితే అడుగున ప్రాణవాయువు పోతుంది. అది పోతే భాస్వరం లేచి మళ్ళీ నాచు పొంగుతుంది. పాత అప్పుకు వడ్డీ కట్టినట్టు, ఈవేళ ఎరువు ఆపినా కొన్నేళ్ళ దాకా సరస్సు ఆ బాకీ తీరుస్తూనే ఉంటుంది. అందువల్ల ఇక్కడ ఆలస్యం పనికిరాదు.

ఇప్పుడు చేయవలసిన పనులు చెబుతాను.

మొదటిది, కొలత. 1865లో ఇటలీలో సెక్కి అనే శాస్త్రజ్ఞుడు తెల్లని పళ్ళెం నీటిలోకి దించి, అది కనుమరుగయ్యే లోతును కొలిచాడు. ఈనాటికీ లోకమంతా వాడే సాధనం అదే. మీరు పాత సత్తుపళ్ళేన్ని తెలుపు నలుపు పావులుగా రంగు వేసి, మధ్యన తాడు కట్టి, అడుగున రాయి వేలాడదీయండి. అదీ లేదంటే మీ చెయ్యి చాలు. పొద్దు బాగా ఎక్కిన తరువాత, నీడ పడని చోట, అరచెయ్యి తిప్పి నెమ్మదిగా నీటిలోకి దించండి. అరచెయ్యి జాన లోతుకు ముందే మాయమైతే నాచు మితిమీరింది, ఆ రాత్రి కాపలా కాయవలసిందే. మూర దాటినా ఇంకా కనబడుతుంటే నీటిలో మేత చాలదు. జానకూ మూరకూ నడుమ మాయమైతే చెరువు ఆరోగ్యంగా ఉన్నట్టు. ఒక్క హెచ్చరిక. నీరు మట్టితో బురదగా ఉన్నప్పుడు ఈ కొలత పనికిరాదు. గ్లాసులో ముంచి, పచ్చదనమో బురదో ముందు తేల్చుకోండి. వారానికి రెండుసార్లు కొలిచి ఒక పుస్తకంలో రాసిపెట్టండి.

రెండవది, మితం. కొలత జానకు దగ్గరవుతున్నదంటే పెంట, సూపర్ ఫాస్ఫేటు వెంటనే ఆపండి. మేత తగ్గించండి. మన ప్రాంతంలో తవుడు, చెక్క కలిపి చిల్లుల సంచుల్లో కట్టి కర్రలకు వేలాడదీసే పద్ధతి ఉంది. అది మంచి పద్ధతి. సంచిలో ఎంత మిగిలిందో చూసి మర్నాటి మేత నిర్ణయించవచ్చు. చేప తినని తవుడు నీటిలో పడ్డ ఎరువే.

మూడవది, ప్రమాదం వచ్చిన రాత్రి. మబ్బు పట్టిన రోజు మేత వేయకండి. అర్ధరాత్రి నుంచే నీరు చిలికే యంత్రాలు తిప్పండి. అవి లేకపోతే ఇంజను పెట్టి నీటిని పైకి చిమ్మించి పడేటట్టు చేయండి, లేదా మంచి నీరు చేర్చండి. ఎండ బాగా వచ్చేదాకా ఆపవద్దు. తెట్టె కట్టిన నాచును గాలి వాలు గట్టున గుడ్డతో లాగి బయటకు తీసి, పశువులు ముట్టని చోట గోతిలో వేయండి. చేతికి తొడుగు వేసుకోండి. మైలుతుత్తం చల్లి నాచునంతా ఒక్క దెబ్బకు చంపుదామనుకోకండి. చచ్చిన నాచు కుళ్ళి ప్రాణవాయువును తినేస్తుంది, కణాల్లో ఉన్న విషమంతా ఒక్కసారిగా నీటిలో దిగుతుంది.

నాలుగవది, పశువులు. తెట్టె ఉన్న రేవున పశువులను దించవద్దు, పిల్లలను ఈతకు పోనివ్వవద్దు. అట్లాంటి నీరు తాగిన పశువు మేత మాని, నీరసించి, తూలుతుంటే నీడన కట్టి పశువైద్యుణ్ణి పిలవండి.

అయిదవది, పొలం. చేపల చెరువు లేని వరి రైతుకు దీనితో ఏమి పని అనుకోవద్దు. కొల్లేటి పచ్చదనం సగం మన మళ్ళలోనే మొదలవుతుంది. భూసార పరీక్ష చేయించండి. నేలలో భాస్వరం ఇప్పటికే నిలవ ఉంటే, అలవాటు కొద్దీ ప్రతి పంటకూ డి.ఎ.పి. వేయడం డబ్బు దండగ. పైపాటు ఎరువు వేసేముందు నీరు తీసివేసి, బురద పదునులో వేసి, ఆ తరువాత రెండు మూడు రోజులు మడవ కట్టి ఉంచండి. వాన వచ్చే సూచన ఉంటే ఆ రోజు ఎరువు జోలికి పోవద్దు. మురుగు కాలువ ఒడ్డున ఉన్న గడ్డిని, కిక్కిసను మొదలంటా పీకివేయకండి. అవి మట్టిని, మట్టితో వచ్చే భాస్వరాన్ని ఆపుతాయి. చేపల చెరువు అడుగు నీటిని నేరుగా కాలువలోకి వదలకుండా, వీలైతే వరి పొలానికి పెట్టండి. చెరువుకు బరువైనది పైరుకు బలం.

విస్తరణ కార్యకర్తలకు ఒక విన్నపం. ఊళ్ళో పది మంది రైతులను గట్టు మీద చేర్చి, పళ్ళెం దించి చూపించండి. వీలుంటే తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అదే నీటిలో ప్రాణవాయువును కొలిచి చూపించండి. రెండు అంకెలూ పక్కపక్కన పెడితే మీ ఉపన్యాసంతో పని ఉండదు.

సోదరులారా, పైరు ముదురు పచ్చగా ఏపుగా పెరిగితే అది పడిపోతుందని, గింజ పట్టదని మీకు తెలుసు. అప్పుడు మీరు యూరియా ఆపుతారు గదా. చెరువు పైరునూ ఆ కంటితోనే చూడండి. మన కథలోని రైతు ఆనాటి సాయంత్రం గట్టు మీద నుంచి చూసి మురిసే బదులు, ఒక్కసారి వంగి చెయ్యి నీటిలో పెట్టి ఉంటే, జాన లోపలే అది మాయమై ఉండేది. రాత్రికి ఇంజను పెట్టించి ఉండేవాడు. తెల్లవారేసరికి చేపలూ మిగిలేవి, పొరుగువానితో స్నేహమూ మిగిలేది.